ఊలు ఖరీదు ఇస్తే సరిపోదు

ఎవరైనా చేత్తో అల్లిన ఫెయిర్ ఐల్ వెస్ట్ (రంగురంగుల, చేతుల్లేని ఊలు స్వెట్టర్) వేసుకుని మన తెలుగు సంఘం వేడుకకు వస్తే అందరం చుట్టూ చేరి మెచ్చుకుంటాం. ఆ వెంటనే ఎవరో ఒకరు, "ఊలు డబ్బులు నేనిస్తాను, మా వారికీ ఒకటి అల్లిపెట్టు అక్కా" అంటారు. అడిగేవారు ఆప్యాయంగానే అడుగుతారు. కానీ ఆ మాటలో ఊలుకు వెల ఉంది, అల్లే చేతికి లేదు. స్కాట్లాండులో ఇల్లు కట్టుకుని బతుకుతున్న మనం ఈ అడగడం మానుకోవాలి.

ఫెయిర్ ఐల్ అంటే స్కాట్లాండుకు ఉత్తరాన ఆర్క్నీ, షెట్లాండ్ దీవుల మధ్య సముద్రంలో ఉన్న చిన్న దీవి. పొడవు సుమారు 5 కిలోమీటర్లు. చెట్లు దాదాపు లేని ఆ నేల మీద గాలికి అడ్డేమీ ఉండదు. అక్కడివారు, షెట్లాండ్ వారు తరతరాలుగా అల్లుతున్న ఈ పద్ధతిలో వరుసకు రెండే రంగులు వాడతారు. ఒక రంగు పోగుతో అల్లుతున్నప్పుడు రెండో పోగు వెనుక నుంచి సాగుతూ వస్తుంది. అందుకే బట్ట రెండు పొరలై వెచ్చగా ఉంటుంది. వెనుక పోగును కాస్త ఎక్కువ లాగితే ముందు బట్ట ముడుచుకుపోతుంది, వదులుగా వదిలితే తొడుక్కునేటప్పుడు వేళ్లకు తగులుకుంటుంది. వేల కుట్ల పొడవునా ఆ బిగుతు ఒకేలా ఉండాలి. అల్లికలో అసలు విద్య అదే. వరుసలు మారేకొద్దీ రంగులు మారతాయి కాబట్టి, మొత్తం మీద చూస్తే పదికి పైగా రంగులున్నట్టు కనిపిస్తుంది. అద్దకం అక్కరలేని రంగులూ ఉన్నాయి. మూరిట్ అనే ఎర్ర గోధుమరంగు, షేలా అనే ముదురు బూడిదరంగు గొర్రె ఒంటి మీద పుట్టినవే.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం కత్తెరది. వెస్టును గొట్టంలా చుట్టూ అల్లుకుంటూ పోతారు కాబట్టి ముఖభాగం ఎప్పుడూ కళ్ల ఎదుటే ఉంటుంది, డిజైను ఎక్కడ తప్పినా వెంటనే తెలుస్తుంది. చంకల దగ్గరికి వచ్చాక కూడా గొట్టాన్ని విడదీయరు. అక్కడ కొన్ని అదనపు కుట్లు వేసి భుజాల దాకా చుట్టూ అల్లుకుంటూనే వెళతారు. ఆ తరువాత ఆ అదనపు కుట్ల నడుమ నిలువునా కత్తిరించి చేతులకు, మెడకు దారి చేస్తారు. వీటిని స్టీకులు అంటారు. షెట్లాండ్ ఊలు పోగులు ఒకదానినొకటి గట్టిగా పట్టుకుంటాయి కాబట్టి కోసిన అంచు ఊడిపోదు. నున్నటి కృత్రిమ దారాన్ని మిషను కుట్టుతో బిగించకుండా ఇలా కోస్తే వెంటనే జారిపోతుంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. సన్నటి షెట్లాండ్ ఊలుతో 10 సెంటీమీటర్లకు దాదాపు 30 కుట్లు పడతాయి. ఛాతీ 100 సెంటీమీటర్లు ఉన్న మనిషికి ఒక్క చుట్టుకే 300 కుట్లు. భుజాల దాకా కలిపితే 50 వేలకు అటూఇటూ. నిమిషానికి 25 కుట్లు వేయగల నేర్పరికి కూడా కేవలం అల్లడానికే 33 గంటలు కావాలి. కొసలు దాచడం, అంచులు అల్లడం, తడిపి ఆకారంలో ఆరబెట్టడం కలిపితే 40 గంటలు అనుకుందాం. 2025 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో 21 ఏళ్లు నిండిన వారికి చట్టప్రకారం కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లు అయింది. ఆ లెక్కన కూలి ఒక్కటే 488 పౌండ్లు దాటుతుంది. ఇది నేర్పుకు ఇచ్చే వేతనం కాదు, కనీస వేతనం మాత్రమే. 30 పౌండ్ల మిషను వెస్టుతో పోల్చి "ఇంతెందుకు" అని అడిగేవారు ఈ గంటలను లెక్కపెట్టడం లేదు.

ఇది కొత్త అన్యాయం కాదు. షెట్లాండ్ స్త్రీలు వీపున పీట్ (పొయ్యిలో కాల్చే బురదనేల మట్టిగడ్డలు) బుట్టలు మోస్తూ, నడుస్తూనే అల్లేవారు. అల్లినదాన్ని వర్తకుడికి ఇస్తే నగదుకు బదులు టీ, బట్టలు చేతికొచ్చేవి. ఈ పద్ధతి మీద 1872లో ప్రభుత్వ విచారణ సంఘం అక్కడి అల్లికదారుల వాంగ్మూలాలు తీసుకోవలసి వచ్చింది.

ఈ కథ మనకు పరాయిది కాదు. నరసాపురం లేసు కూడా 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పగా గోదావరి తీరంలో స్థిరపడిన పని. 1970ల చివర్లో మరియా మీస్ అనే సామాజిక శాస్త్రవేత్త అక్కడి ఇళ్లలో పరిశోధన చేశారు. రోజూ గంటల తరబడి క్రోషియా సూది పట్టి ఎగుమతికి సరుకు తయారుచేస్తున్న ఆడవాళ్లను లోకం గృహిణులుగానే చూస్తోందని, వారిది తీరిక వేళ కాలక్షేపమనే అనుకుంటోందని ఆమె గుర్తించారు. లాభం ఏజెంట్లకు, వ్యాపారులకు పోయింది. పని ఇంట్లో జరిగితే, చేసేది ఆడది అయితే, దాన్ని "తీరిక" అని పిలిచి కూలి తగ్గించడం రెండు చోట్లా జరిగింది. మన అమ్మమ్మల ఊళ్లలో జరిగినదాన్ని ఇక్కడ మన పొరుగింటి అల్లికదారుకు మనమే చేయడం నన్ను బాధిస్తుంది.

అంత ధర అందరూ పెట్టలేరు, నిజమే. పెట్టలేనివారు అడగకుండా ఉండవచ్చు, లేదా నేర్చుకోవచ్చు. చిన్న టోపీతో మొదలుపెట్టి చూడండి, రెండు పోగుల బిగుతు కుదరడానికి ఎంత ఓపిక కావాలో వేళ్లకే తెలుస్తుంది. కానుకగా ఇచ్చేవారి సంగతి వేరు. ప్రేమతో అల్లి ఇస్తే కళ్లకద్దుకుందాం. ఇచ్చేది వారి ఇష్టం, అడిగి తీసుకునే హక్కు మనకు లేదు.

మన సంఘం కార్యవర్గానికి రెండు విన్నపాలు. వచ్చే ఉగాది వేడుకలో చేత్తో అల్లినవి, కుట్టినవి అమ్మేవారి దగ్గర స్టాలు రుసుము తీసుకోవద్దు. ప్రతి వస్తువు ధర చీటీ మీద దానికి పట్టిన గంటలు కూడా రాయించండి.