లోను వాడిది, ఫోను నాకు

మా పెదనాన్న కొడుకు చీమకుర్తిలో గ్రానైట్ లారీ తోలతాడు. ఇంటి పనికని ఒక ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీలో లోను తీసుకున్నాడు. క్వారీలో పని తగ్గింది, ఈఎంఐలు ఆగినాయి. అప్పు తీసుకున్నోడు కట్టాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. అడిగే హక్కు కంపెనీకి ఉంది. వాణ్ని అడగమనండి. నన్నెందుకు అడుగుతున్నట్టు?

నేను వాడికి జామీను పడలేదు, ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. లోను ఫారంలో రిఫరెన్స్ అనే గడి ఉంటే అక్కడ నా నంబరు రాశాడంతే. ఆ గడి పుణ్యమా అని కందుకూరులో నా ఎరువుల కొట్లో, ఎదురుగా రైతు కట్టలు లెక్కేసుకుంటా ఉంటే ఫోను.

"సార్, ఫలానా ఆయన మీకేమవుతాడు? మా డబ్బులు ఎగ్గొట్టి తిరుగుతున్నాడు, తెలుసా? పెద్దమనిషి గదా, మీరు చెప్పి కట్టించండి."

నాకు సంబంధం లేదయ్యా అంటే గొంతు మారుద్ది. "అట్టయితే మీ సిబిల్ కూడా పోద్ది, మీ కొట్టు కాడికి మనుషులొస్తారు" అంటాడు. సిబిల్ అంటే అప్పులు ఎట్టా కడుతున్నామో చూసి మనకేసే మార్కు. ఆ నంబరు బ్లాక్ చేస్తే ఇంకో నంబరు. రాత్రి అన్నం కాడ కూర్చుంటే కూడా అదే పాట.

నా సిబిల్ పోద్దన్నది పచ్చి అబద్ధం. జామీను సంతకం పెడితే ఆ అప్పుకి మనమూ బాధ్యులమే, చట్టం అదే చెప్తుంది. రిఫరెన్స్ నంబరు ఇచ్చినంత మాత్రాన పైసా బాధ్యత లేదు, మన సిబిల్‌కి దాంతో పనే లేదు. ఈ తేడా మన ఊళ్ళల్లో చదువుకున్నోళ్ళకి కూడా తెలియదు. ఫోను చేసేవాడికి మాత్రం బాగా తెలుసు.

2022 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్‌లో ఉదయం 8 లోపు, రాత్రి 7 తర్వాత వసూలు ఫోన్లు చేయొద్దని ఉంది. ఈ టైము సంగతి కొంతమందికి తెలుసు. అదే సర్క్యులర్‌లో అప్పు తీసుకున్నవాళ్ళ ఇంటివాళ్ళ, స్నేహితుల, రిఫరెన్సులో పేరున్నవాళ్ళ జోలికి పోవద్దని, నలుగురిలో పరువు తీయొద్దని కూడా ఉంది. లోను యాప్‌లు ఫోన్లో కాంటాక్టులు తవ్వుకోకూడదని ఆ తర్వాతి నెలే ఇంకో ఉత్తర్వు వచ్చింది. కాగితం మీద అన్నీ ఉన్నాయి.

చుట్టూ ఉన్నోళ్ళ ద్వారా పరువు తీసి వసూలు చేయడం కొత్త పద్ధతేం కాదు. ఆడవాళ్ళ గ్రూపులకి చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్ వాళ్ళు కంతు కట్టని ఆడమనిషి గడప ముందు గ్రూపులో మిగతా ఆడవాళ్ళని కూర్చోబెట్టిన రోజులు చూశాం. ఆత్మహత్యల దాకా పోయినాక 2010 అక్టోబరులో ప్రభుత్వం వాళ్ళని కట్టడి చేసే ఆర్డినెన్స్ తెచ్చింది. రోజుకో రూపాయి దాచుకునే పొదుపు ఉద్యమానికి పేరుపడ్డ నెల్లూరు వైపోళ్ళం మనం, గ్రూపు అంటే ఒకరికొకరు ఆసరా అని నమ్మిన మనుషులు. ఆ గ్రూపునే కాపలా పెట్టారు. ఇప్పుడు గడప దాకా రావాల్సిన పని కూడా లేదు, ఫోను చాలు.

సరే, వాళ్ళ సంగతి అట్టుంచండి. నాకు అసలు మండేది మనవాళ్ళ మీద.

సింగరాయకొండలో మా మేనత్తకి కూడా ఒక ఫోను వచ్చింది. వాడు మాట్లాడింది రెండు నిమిషాలు. ఆ తర్వాత మా అత్త మాట్లాడింది సాయంత్రం దాకా. వరసబెట్టి అందరికీ చేసి "వాడు అప్పుల పాలయ్యాడంట, ఇల్లు జప్తు చేస్తారంట" అని చెప్పింది. జప్తు మాట ఎవురన్నారో నాకిప్పటికీ తెలియదు. వాడి కూతురికి కనిగిరి వైపు సంబంధం మాట్లాడతా ఉన్నాం. వాళ్ళ దాకా పోయింది. "కాస్త ఆలోచించుకుని చెప్తాం" అన్నారు. అంటే ఏందో మనందరికీ తెలుసు.

ఏజెంటుకి జీతమో కమీషనో వస్తది. మా అత్తకేం వచ్చింది? ఆ కంపెనీ మా చుట్టాలందరినీ కూలి లేకుండా పనిలో పెట్టుకుంది. పది మందికి చెప్తారనే గదా వాడు ఫోను చేసేది! ఫోను చేసే కుర్రోణ్ని నేను పెద్దగా తిట్టను కూడా తిట్టను. టార్గెట్ పెట్టి కూర్చోబెడితే ఏదో ఒకటి అంటాడు, వాడూ మనలాంటి ఇంటి పిల్లోడే. తిట్టాల్సింది వాడికి ఆ మాటలు నేర్పి, పైకి "మా ఏజెన్సీ తప్పు" అనే కంపెనీని.

నేను చేస్తున్నది చెప్తా. ఫోను రాంగానే రికార్డింగ్ పెట్టి పేరేంది, ఏ ఏజెన్సీ, నా నంబరుకి చేయమని ఎవరు చెప్పారు అని అడుగుతున్నా. సగం మంది అక్కడే పెట్టేస్తున్నారు. కంపెనీ ఫిర్యాదుల అధికారికి తేదీలు, టైములు, నంబర్లతో మెయిల్ పెట్టా. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకులో ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్లో పెట్టొచ్చు, ఖర్చు లేదు. వివరాలకి ఫోను నంబరు 14448. ఫోటోలు మార్చి పంపుతామని బెదిరించే యాప్‌గాళ్ళకైతే ఇదంతా కాదు, నేరుగా సైబర్ నేరాల నంబరు 1930కి చేసి పోలీసులకి చెప్పండి. మా వాడి చేత కూడా బ్రాంచికి రాయించా, ఇంత కట్టగలను, గడువియ్యండి అని.

చుట్టాలందరికీ ఇక్కడే చెప్తున్నా. వాడి గురించి మీకు ఫోనొస్తే పెట్టెయ్యండి. చెప్పాలనిపిస్తే వాడికొక్కడికే చెప్పండి. కనిగిరి వాళ్ళతో నేను మాట్లాడుకుంటా. అత్తా, నువ్వు మాత్రం మళ్ళీ వాళ్ళకి ఫోను చేయొద్దు.