కార్బన్ డాట్ గారికి ఒక కరివేపాకు వ్రాయునది

అయ్యా కార్బన్ డాట్ గారూ,

యూవీ వెలుగు తగిలితే మెరిసే, కంటికి ఆనని కార్బన్ రేణువులు మీరు, 2004లో అమెరికాలో కార్బన్ నానోట్యూబుల (అతి సన్నని కార్బన్ గొట్టాల) మసిని శుభ్రం చేస్తుంటే అనుకోకుండా బయటపడ్డారట మీరు. అప్పట్నుంచి వంటింట్లో ఏదీ మిగల్లేదు, నిమ్మరసం, పాలు, కొత్తిమీర అన్నీ మీరైపోయాయి, మా ల్యాబ్ ఫ్రిజ్ తెరిచి కొత్తగా చేరిన పిల్ల "అన్నా ఇది మెస్సా" అనడిగింది. నా వంతుకి కరివేపాకు వచ్చింది. పీహెచ్‌డీ వాడంటేనే కూరలో కరివేపాకు, వాడి చేతే కరివేపాకు రుబ్బించడం, జాతకం అంటే ఇదే మరి.

రుబ్బి, నీళ్లు కలిపి, ఆటోక్లేవ్ అనే గట్టి మూత డబ్బాలో బిగించి 180 డిగ్రీల ఓవెన్‌లో రాత్రంతా పెడితే కషాయం తయారైంది, లైట్లార్పి యూవీ టార్చ్ కొట్టగానే నీలంగా వెలిగిపోయారు, మా సార్ అక్కడికక్కడే ఫొటో తీసి పేపర్ టైటిల్లో క్యాన్సర్ ఇమేజింగ్ (ఒంట్లో క్యాన్సర్‌ని వెలిగించి చూడటం) అని కూడా పెట్టేశారు.

నాకే బుద్ధి లేక డయాలసిస్ పెట్టా, అంటే సన్న రంధ్రాల సంచీలో పోసి నీళ్లలో ముంచితే చిన్న అణువులు బయటికి పోయి మీరు లోపల మిగలాలి. సంచీకి రెండు వైపులా క్లిప్పులు, లీటర్ బీకర్, ఆరు గంటలకోసారి నీళ్లు మార్పు. పొద్దున్నే టార్చ్ వేస్తే బీకర్లో నీళ్లు ధగధగ, సంచీలో మీరేమో చల్లారిన టీలా మొహం వేలాడేసుకుని! అంటే ఇన్నాళ్లూ వెలిగింది మీ పక్కన తిరిగే చిన్న మాలిక్యూల్సా? సిట్రిక్ యాసిడ్, ఇథిలీన్ డయమీన్‌తో పుట్టిన మీ అన్నగారిదీ ఇదే కథ కదా, 2013లో 80 శాతం క్వాంటమ్ ఈల్డ్ (మింగిన వెలుగులో తిరిగిచ్చే వంతు) అని ఊరంతా చాటారు, తీరా చూస్తే అందులో చాలా వెలుగు ఐపీసీఏ అనే బుల్లి అణువుదట. ఊరేగింపు మీది, పెట్రోమాక్స్ మోసేది ఇంకోడు.

పోనీ మీరే వెలిగారనుకుందాం, ఆ నీలం రంగేసుకుని ఒంట్లోంచి బయటికెలా కనిపిస్తారు? ఫోన్ టార్చ్ మీద వేలు పెట్టి చూడండి, ఎరుపు తప్ప ఏదీ రాదు, నీలాన్ని రక్తమే మింగేస్తుంది, 650 నుంచి 900 నానోమీటర్ల మధ్య వెలిగేవాళ్లకే అక్కడ దారి. పైగా యూవీ కొడితే ఒంట్లోని జీవకణాలు మీరు లేకపోయినా కాస్త నీలంగా మెరుస్తాయి. (అందుకే మీరు లేకుండా తీసిన కంట్రోల్ ఫొటో పేపర్లో కాదు, దాని వెనక తగిలించే సప్లిమెంటరీలో చివర ఎక్కడో ఉంటుంది.)

మీ కజిన్ క్వాంటమ్ డాట్ అనే సెమీకండక్టర్ రేణువుకి ఒంటినిండా కాడ్మియం విషమే, అయినా చిన్నదైతే నీలం పెద్దదైతే ఎరుపు అని మాట మీద నిలబడింది, 2023లో కెమిస్ట్రీ నోబెల్ తెచ్చింది. మీకు అంత విషం లేదు, ఒప్పుకుంటా, ఆ ఒక్క ముక్క మీదే కదా ఇన్ని పేపర్లు.

డయాలసిస్ సంగతి సార్‌కి చెప్పేశా. కాసేపు ఆలోచించి "బీకర్లో నీళ్లు పారబోశావా?" అన్నారు. లేదు సార్ అన్నా.

"హమ్మయ్య, వాటినే ఫ్రీజ్ డ్రై చేసి (గడ్డకట్టించి ఆరబెట్టి) వాడు. సంచీ పారేయ్."

ఇట్లు,
వచ్చే నెల మునగాకు రుబ్బబోయేవాడు