పాటలు ఫార్వర్డ్ చేసేవాళ్లకి మా ఇంట్లో ఇక సినిమా లేదు

అర్ధరాత్రి దాకా గిన్నెలు తోముకుంటూ మనసులో తిట్టుకున్నవన్నీ ఇక్కడ కక్కేస్తున్నా. పొడుగ్గా ఉంటుంది, ఓపిక లేనివాళ్లు ఇప్పుడే వెళ్లిపోండి, అసలు ఓపిక లేనివాళ్ల మీదే ఈ పోస్టు.

నిన్న మా ఇంట్లో పాట్‌లక్. ఇంగ్లండ్‌లో మా ఇప్స్‌విచ్‌లో మనవాళ్ల సంగతి తెలిసిందేగా, చలి మొదలైతే ప్రతి శనివారం ఎవరో ఒకరింట్లో బిర్యానీ, మగాళ్లకి పేకాట, ఆడవాళ్లకి వంటిల్లు. ఈసారి మా ఇల్లు కాబట్టి సినిమా నేను చెప్పిందే అన్నా. 'ది వికర్ మ్యాన్' పెట్టా, 1973లో వచ్చిన బ్రిటిష్ హారర్ సినిమా. ముందే చెప్పా కూడా, ఇది దెయ్యాల సినిమా కాదు, కాస్త ఓపిగ్గా చూడండి, పాటలు వినండి అని. "సూపర్ వదినా, నువ్వు పెట్టు" అన్నారు అందరూ. పెరుగుచట్నీ తేవడానికి వంటింట్లోకి వెళ్లొచ్చేసరికి సోఫాలో కూర్చున్న ఒక మహానుభావుడు రిమోట్ పట్టుకుని టకటకా ఫార్వర్డ్ కొట్టేస్తున్నాడు. పబ్‌లో పాట పోయింది. మేపోల్ చుట్టూ, అదే వసంతం పండక్కి పాతే రిబ్బన్ల స్తంభం చుట్టూ, పిల్లలు పాడే పాట పోయింది. పైగా నన్నే అడుగుతున్నాడు, "ఏంటి వదినా ఇది, పోలీసోడు, తాగుబోతులు, పాటలు, అసలు దెయ్యం ఎప్పుడొస్తుంది?"

మా ఆయన నవ్వాడు. ఆయన సంగతి తర్వాత చూసుకుంటా.

ఒక్కటి చెప్పండి, నాలుగు నిమిషాల ఐటెం సాంగ్‌కి థియేటర్లో కాగితాలు చింపి ఎగరేసిన జాతి మనది, అలాంటిది కథ మొత్తం పాటల్లోనే నడిచే హారర్ సినిమా ఒకటి దొరికితే దాంట్లో పాటలు స్కిప్ చేస్తారా? పబ్‌లో ఆ పాట దేని మీదో తెలుసా, పబ్ ఓనర్ కూతురి మీద. ఊరి మగాళ్లందరూ కలిసి ఆ పిల్ల మీద బూతు పాట పాడుతుంటే తండ్రి ఎదురుగా నిలబడి నవ్వుతుంటాడు, ఆ పిల్లా నవ్వుతుంటుంది. కొత్తగా దీవికి వచ్చిన పోలీసు సార్జెంట్ హోవీ ఒక్కడికే ఒళ్లు జలదరిస్తుంది. తప్పిపోయిన పిల్ల ఫోటో చూపించి అడుగుతాడు, అబ్బే ఎవరూ తెలీదంటారు, సొంత తల్లి కూడా తెలీదనే అంటుంది, అదీ ఎంతో మర్యాదగా, మిఠాయిలమ్ముకుంటూ. ఒక్కడు కూడా గట్టిగా అరవడు, కత్తి తీయడు. ఊరంతా చల్లగా నవ్వుతూ పాడుతూ ఉంటుంది. ఆ పాటలు తీసేస్తే ఇంకేం మిగులుతుంది, విమానం దిగి ఊరంతా తిరిగే ఒక పోలీసాయన మిగులుతాడు. వీళ్లు చూసింది ఆ సినిమానే, మళ్లీ బోర్ కొట్టిందట.

స్కూల్లో ఒక సీన్ ఉంది, అది కూడా ఫార్వర్డ్‌లో పోయింది. తప్పిపోయిన పిల్ల బెంచీ డెస్కు మూత ఎత్తితే లోపల ఒక పురుగు, దానికి దారం కట్టి మేకుకి బిగించారు, అది గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది, తిరిగేకొద్దీ దారం చుట్టుకుపోయి మేకుకి దగ్గరవుతుంది. పక్క పిల్ల "పాపం" అంటుంది నవ్వుతూ. హోవీకి ఏం జరగబోతోందో మొత్తం అక్కడే చెప్పేశారు. చూసినవాడికి కదా తెలిసేది.

ఆ సినిమా బతికి బట్టకట్టిందే గొప్ప. కథ జరిగేది మే డేకి, అంటే ఇక్కడివాళ్ల వసంతం పండక్కి, షూటింగేమో 1972 అక్టోబర్, నవంబర్‌లో, స్కాట్లాండ్ చలిలో. వసంతకాలంలా కనిపించాలని చెట్లకి ఉత్తుత్తి పూలు అంటించారు, నోట్లోంచి ఆవిరి రాకుండా నటులు ఐస్ ముక్కలు చప్పరించారు. దీవి జమీందారుగా వేసిన క్రిస్టఫర్ లీ ఒక్క పైసా తీసుకోకుండా చేశాడు, నా సినిమాల్లో ఇదే గొప్పది అని చివరిదాకా చెప్పుకున్నాడు. అంత చేస్తే కంపెనీవాళ్లు ఏం చేశారు? పది నిమిషాలకి పైగా కోసిపారేసి, 'డోంట్ లుక్ నౌ' అనే ఇంకో సినిమాకి తోకలా తగిలించి రెండో సినిమాగా వదిలారు. కోతలో ఏం పోయిందో ఊహించండి, 'జెంట్లీ జానీ' అనే పాట! అంటే మా సోఫా మహానుభావుడు ఆ కంపెనీవాళ్లకి వారసుడన్నమాట. ఒరిజినల్ నెగటివ్‌ని ఏదో మోటర్‌వే కింద పూడ్చిపెట్టేశారని ఇప్పటికీ చెప్పుకుంటారు, నిజమో కాదో గానీ దొరకలేదు. అమెరికాలో రోజర్ కోర్మన్ అనే నిర్మాత దగ్గరికి పంపిన ఒక పెద్ద ప్రింట్ మిగిలింది కాబట్టి ఈమాత్రమైనా మనం చూస్తున్నాం. దాన్ని వీళ్లు మళ్లీ రిమోట్‌తో కోశారు.

ఇంకా నయం, నేను 'రాబిన్ రెడ్‌బ్రెస్ట్' పెట్టలేదు. 1970 డిసెంబర్‌లో బీబీసీలో వచ్చిన నాటకం అది, సిటీ నుంచి ఒకావిడ పల్లెటూరి ఇంటికొస్తుంది, అందరూ మర్యాదగా ఉంటారు, మరీ మర్యాదగా. వెళ్లిపోదామనుకునేసరికి కారు చెడిపోతుంది, ఫోన్ మూగబోతుంది. అది మొదటిసారి వేసినరోజు కరెంటు కోతలతో చాలామందికి మధ్యలో ఆగిపోతే 1971 ఫిబ్రవరిలో మళ్లీ వేశారు. ఆ తర్వాత కలర్ టేపు పోయింది, ఇప్పుడున్నది బ్లాక్ అండ్ వైట్ కాపీ మాత్రమే. కరెంటు పోయిందని బాధపడి మళ్లీ చూసినవాళ్లు వాళ్లు. కరెంటు, వైఫై, అరవై అయిదు అంగుళాల టీవీ అన్నీ ఉండి ఫార్వర్డ్ కొట్టేవాళ్లు మనం.

సరే దెయ్యం కావాలి కదా మీకు. బంగే, బ్లైత్‌బర్గ్ చర్చిల్లో 1577 ఆగస్టు 4న తుఫానులో నల్లకుక్క దూకిందని ఇక్కడ కథ, బ్లైత్‌బర్గ్ చర్చి తలుపు మీద దాని గోళ్ల మచ్చలని ఇప్పటికీ చూపిస్తారు. ఫెలిక్స్‌స్టో బీచ్‌కి బజ్జీలు కట్టుకుని పోతారే, దెయ్యం కథల రచయిత ఎం.ఆర్. జేమ్స్ రాసిన ఈల కథ జరిగే ఊరు అదే, పేరు మార్చి రాశాడంతే. ఈ ఏరియా మొత్తం ఇలాంటిదే. ఇక్కడికొచ్చి ఏళ్లయినా మనవాళ్లకి తెలిసింది మాత్రం హల్వా ఏ షాపులో దొరుకుతుందో.

అసలు దెయ్యమే లేని దాని గురించి చెప్తా వినండి. లండన్ ఆఫీసుకి పోతూ మానింగ్‌ట్రీ స్టేషన్ దాటుతారు కదా, ఇప్స్‌విచ్ తర్వాత పది నిమిషాలకి వచ్చేది, ఫోన్లో రీల్స్ చూసుకుంటూ. మాథ్యూ హాప్కిన్స్ ఆ ఊరివాడు. 1645 నుంచి 1647 దాకా ఈ చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి మంత్రగత్తెల్ని పట్టిస్తానని డబ్బు తీసుకున్నవాడు. వాడి మీదే 'విచ్‌ఫైండర్ జనరల్' తీశారు 1968లో, సగం ఇక్కడే, లావెన్‌హామ్‌లో, ఆర్ఫర్డ్ కోటలో. అందులో హాప్కిన్స్‌గా వేసిన విన్సెంట్ ప్రైస్ వయసు మళ్లినవాడిలా ఉంటాడు గానీ నిజం హాప్కిన్స్‌కి ముప్పై ఏళ్లు కూడా లేవు. స్టోమార్కెట్ వాళ్లు వాడికి 23 పౌండ్లు ఇచ్చారు, కూలివాడికి రోజుకి ఆరు పెన్నీలు వచ్చే కాలంలో. మన ఇప్స్‌విచ్‌లో అయితే ఆ ఖర్చు కోసం ఊరివాళ్ల మీద ప్రత్యేకంగా పన్ను వేశారు. కౌన్సిల్ టాక్స్ పెరిగిందని గ్రూపులో గోల చేస్తారే, అప్పుడు ఇక్కడివాళ్లు పక్కింటి ముసలమ్మని ఉరి తీయించడానికి పన్ను కట్టారు.

బ్రాండెస్టన్‌లో జాన్ లోవ్స్ అని చర్చి ఫాదర్, ఎనభై ఏళ్ల ముసలాయన. నోటి దురుసు మనిషి, ఊరితో ఏళ్ల తరబడి గొడవలు, కోర్టులు. హాప్కిన్స్ రాగానే ఊరివాళ్లకి ఛాన్స్ దొరికింది. రాత్రుళ్లు నిద్రపోనివ్వకుండా, ఊపిరాడనంతగా పరిగెత్తించి పరిగెత్తించి ఒప్పించారు, ఫ్రామ్లింగ్‌హామ్‌లో కోట దగ్గర నీళ్లలోకి తోసి, తేలితే మంత్రగాడే అని పరీక్ష చేశారు, ఆ తర్వాత ఉరి. ఎడ్ షీరన్ పాటలో కోట అని పిల్లల్ని తీసుకెళ్లి ఫోటోలు దిగారే, అక్కడే. 1645 ఆగస్టు 27న బరీ సెయింట్ ఎడ్మండ్స్‌లో ఒకేరోజు 18 మందిని ఉరితీశారు. వాళ్ల మీద సాక్ష్యం చెప్పింది దెయ్యాలు కాదు, పాలు పోసేవాళ్లూ పక్కింటివాళ్లూ. 'విచ్‌ఫైండర్ జనరల్' సినిమాలో కూడా ఒక్క దెయ్యం లేదు, ఒక్క మంత్రం పనిచేయదు, మనుషులే.

ఇదంతా నిన్న నేను చెప్తుంటే, అదే సోఫా, అదే మహానుభావుడు, లెగ్‌పీస్ కొరుకుతూ "అవన్నీ వాళ్ల కథలు వదినా, మా ఊళ్లో నిజంగానే జరిగింది" అని అందుకున్నాడు. చెప్పాడు. బాణామతి చేస్తున్నాడని ఒక ముసలాయన్ని స్తంభానికి కట్టేసి పళ్లు ఊడగొట్టారట, మంత్రం నోరు తిరక్కుండా. అందరూ గుండ్రంగా చేరి నోళ్లు తెరుచుకుని విన్నారు. ఇప్పుడు ఎవరూ ఫార్వర్డ్ కొట్టలేదు. ఒకావిడ, ఎమ్మెస్ చేసింది, పేరున్న బ్యాంకులో డేటా చూసుకుంటుంది, చాలా సీరియస్‌గా "అతనికి నిజంగా వచ్చా అన్నయ్యా?" అని అడిగింది.

"వచ్చే ఉంటుంది. ఊరంతా ఊరికే అంటారా?"

ఊరంతా ఊరికే అంటారా! బ్రాండెస్టన్ వాళ్లు అడిగిందీ ఇదే కదరా నాయనా.

అప్పటిదాకా నా కోపం పాటల మీదే. ఇక్కడికొచ్చేసరికి పాత మంట లేచింది. చెప్పకూడదు అనుకున్నా గానీ చెప్తా, పేర్లు చెప్పను. కొన్నేళ్ల కిందట ఇదే బ్యాచ్‌లో ఒకావిడ ఉండేది. పిల్లల్లేరు. ఎవరింట్లో పుట్టినరోజైనా ముందొచ్చి ఉల్లిపాయలు కోసేది ఆవిడే. ఒకరి పాపకి కేకు తినిపించింది, ఆ రాత్రి పాపకి జ్వరం వచ్చింది. నవంబర్ నెల, నర్సరీకి పోయే పిల్ల, జ్వరం రాకపోతే ఆశ్చర్యపోవాలి. ఎవరో "దిష్టి తగిలిందేమో" అన్నారు, మిరపకాయలు తిప్పి కాల్చారు, స్మోక్ అలారం మోగింది, అందరూ నవ్వుకున్నారు. అంతే, ఆవిణ్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. వాట్సాప్‌లో కొత్త గ్రూపు ఒకటి మొదలైంది, అందులో ఆవిడ నంబరు లేదు. సీమంతాలకి పిలుపు "మర్చిపోయేవాళ్లు". నేను ఆవిణ్ని పిలిచినప్పుడల్లా మిగతా నలుగురికి సరిగ్గా ఆరోజే తలనొప్పి వచ్చేది. కనిపిస్తే మాత్రం "ఎన్నాళ్లయింది అక్కా, ఇంటికి రావచ్చు కదా" అని ఎంత ప్రేమో. చివరికి వాళ్లాయన వేరే ఊళ్లో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయారు. ఫేర్‌వెల్ పార్టీ ఇచ్చారండోయ్, గిఫ్ట్ కార్డు కూడా, నా చేత కూడా సంతకం పెట్టించారు.

ఆ జ్వరం వచ్చిన పాప నాన్నే మన సోఫా మహానుభావుడు. దెయ్యం ఎప్పుడొస్తుంది వదినా అంటాడు నన్ను.

వికర్ మ్యాన్‌లో ఆ దీవి జమీందారు ఏం చెప్తాడో వీళ్లు చూడలేదు, ఎందుకంటే ఆ టైంకి డబుల్ స్పీడ్‌లో ఉన్నారు. 1868లో వాళ్ల తాత ఆ దీవి కొన్నాడు, కొత్తరకం పళ్లచెట్లు పెంచడానికి. సైన్స్ తెలిసినవాడు, దేవుణ్ని నమ్మనివాడు. కూలీలు హుషారుగా పనిచేయాలంటే వాళ్లకి వాళ్ల పాత దేవుళ్లని మళ్లీ ఇస్తే చాలు అనుకున్నాడు. తాత అవసరం కోసం పెట్టాడు, తండ్రి ఇష్టంతో పాటించాడు, మనవడి దగ్గరికొచ్చేసరికి అది అనాదిగా వస్తున్న ఆచారం. యాపిల్ కాయలేదు, మనిషిని కాల్చాలి. కాలబోతూ హోవీ ఒక మాటంటాడు, వచ్చే ఏడాది కూడా పంట పోతే ఈ జనం నిన్నే కాలుస్తారు అని. జమీందారు ముఖం చూడాలి అప్పుడు. మా ఇంట్లో ఎవరూ చూడలేదు, చివర్లో మంట మాత్రం చూశారు, "గ్రాఫిక్స్ బాగున్నాయి" అన్నారు. గ్రాఫిక్స్ కాదు, హోవీని లోపల పెట్టి కాల్చే ఆ పెద్ద మనిషి బొమ్మని, వికర్ మ్యాన్ అంటే అదే, నిజంగా కట్టి నిజంగా కాల్చారు. ఆ మంట ముందు ఊరంతా చేతులు పట్టుకుని, ఊగుతూ, నవ్వుతూ, పదమూడో శతాబ్దం నాటి వేసవి పాట పాడతారు. ఎవరి ముఖంలోనూ కోపం ఉండదు. ఆ ముఖాలు నేను ఇదివరకే చూశా, ఫేర్‌వెల్ పార్టీలో.

ఈ పోస్టు ఆ బ్యాచ్‌కి ఎలాగూ చేరుతుంది, స్క్రీన్‌షాట్లు తీసేవాళ్లకి ఇబ్బంది లేకుండా పబ్లిక్‌గానే పెట్టా. వచ్చే వారం నాకు కూడా పిలుపు మర్చిపోతే సంతోషం, శనివారం మిగులుతుంది.

కామెంట్లలో "క్లైమాక్స్ చెప్పేశారేంటి" అని ఏడవొద్దు, 1973 సినిమా, మీకు యాభై ఏళ్లు టైమిచ్చారు. "2006 రీమేక్ కూడా చూడండి అక్కా" అనేవాళ్లకి ముందే చెప్తున్నా, నికొలస్ కేజ్ ఎలుగుబంటి వేషం వేసుకుని ఆడవాళ్లని గుద్దుకుంటూ తిరిగే ఆ దరిద్రాన్ని నేను టికెట్టు కొని చూశా. దాని లింకు పెట్టినవాళ్లని పెట్టిన క్షణంలో బ్లాక్ చేస్తా.