వెయ్యి అడుగుల ఎడం వెంట్రుకవాసి కాదు

విమానం కిటికీలోంచి తీసిన ఒక వీడియో కొంతకాలంగా ఫోన్లలో తిరుగుతోంది. మరో విమానం తెల్లటి చారలు వదులుతూ ఎదురుగా వచ్చి, కింది నుంచి రెప్పపాటులో దాటిపోతుంది. దానికి తగిలించిన రాత సారాంశం ఇది: రెండింటి మధ్య ఉన్నది వెయ్యి అడుగులే గనుక ప్రయాణికులు వెంట్రుకవాసిలో బతికిపోయారు, ఒకప్పుడు రెండు వేల అడుగులున్న ఎడాన్ని విమాన సంస్థలు లాభాల కోసం సగానికి కోయించాయి, ఇప్పుడు ఢీకొనకుండా కాపాడుతున్నది పైలట్ల కంటిచూపు ఒక్కటే. వీటిలో మొదటిది పొరపాటు, రెండోది సగం నిజం, మూడోది పూర్తిగా తలకిందులు.

వీడియోలో కనిపించేది నియమం తప్పడం కాదు, నియమం అమలు కావడం. తూర్పు దిక్కుగా వెళ్లే విమానాలకు 33,000, 35,000 వంటి బేసి వేల అడుగుల ఎత్తులు, పడమరగా వెళ్లేవాటికి 34,000, 36,000 వంటి సరి వేల ఎత్తులు ఇవ్వడం చాలా దేశాల్లో ఉన్న పద్ధతి. కాబట్టి ఎదురుగా వచ్చే విమానం వెయ్యి అడుగుల పైనో కిందో కనిపించడం మామూలు సంగతే. వెయ్యి అడుగులంటే సుమారు 305 మీటర్లు. 74 మీటర్ల పొడవుండే బోయింగ్ 777-300ఈఆర్ విమానాలు నాలుగింటిని నిలువునా ఒకదానిపై ఒకటి నిలబెట్టినంత ఎత్తు. ఆకాశంలో పోల్చి చూసుకోవడానికి చెట్టూ స్తంభమూ ఉండవు, పైగా ఫోన్‌లో జూమ్ చేస్తే ఉన్న దూరం కూడా కరిగిపోయినట్టు కనిపిస్తుంది.

ఎడం సగానికి తగ్గిన మాట నిజమే. విమానంలో ఎత్తు చూపే ఆల్టిమీటర్ దాన్ని నేరుగా కొలవదు. బయటి గాలి పీడనాన్ని కొలిచి దాన్ని అడుగుల్లో చూపుతుంది. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడి, వెయ్యి అడుగులకు మారే పీడనం తగ్గిపోతుంది గనుక, నేలకు దగ్గరలో పట్టించుకోనక్కర్లేని చిన్న పీడన దోషమే అక్కడ చాలా అడుగుల తప్పుగా మారుతుంది. అందుకే పాత పరికరాల కాలంలో 29,000 అడుగుల పైన రెండు వేల అడుగుల ఎడం పాటించేవారు. పరికరాలు మెరుగయ్యాక 29,000 నుంచి 41,000 అడుగుల మధ్య దాన్ని వెయ్యికి తగ్గించారు: ఉత్తర అట్లాంటిక్‌పై 1997లో, ఐరోపాలో 2002లో, అమెరికాలో 2005లో. ఎక్కువ విమానాలకు చోటు దొరకడం, ఇంధనం ఆదా కావడం ఇందులో ఉద్దేశాలే, దాచవలసిందేమీ లేదు. అయితే ఇది సంస్థల ఇష్టానికి వదిలేసిన విషయం కాదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ఆల్టిమీటర్లు, ఎత్తును పట్టి ఉంచే ఆటోపైలట్, ఎత్తు తప్పితే హెచ్చరించే పరికరం ఉండి అనుమతి పొందిన విమానానికే ఈ ఎడం వర్తిస్తుంది. మిగతావాటికి ఆ ఎత్తుల్లో ఇప్పటికీ రెండు వేల అడుగులే. ఎత్తు ఎడం దెబ్బతినడం వల్ల కలిగే ప్రాణాంతక ప్రమాదాలు, అన్ని కారణాలూ కలుపుకొని, 20 కోట్ల విమాన గంటలకు ఒకటికి మించరాదన్నది లెక్కలకు ఆధారమైన లక్ష్యం.

నిజానికి ఆ రాతకు బలమివ్వగల సంఘటన ఒకటుంది, రాసినవారే దాన్ని వదిలేశారు. 2017 జనవరిలో అరేబియా సముద్రంపై ఒక ఎయిర్‌బస్ ఏ380 సరిగ్గా వెయ్యి అడుగుల పైన ఎదురుగా దాటిపోయిన కాసేపటికి, దాని రెక్కల వెనుక పుట్టిన సుడిగాలి కిందికి దిగి, చిన్న చాలెంజర్ జెట్‌ను పలుమార్లు పల్టీలు కొట్టించింది. ఆ జెట్ దాదాపు 9,000 అడుగులు జారి, చివరకు మస్కట్‌లో దిగింది గాని మళ్లీ ఎగరడానికి పనికిరాలేదు. వెయ్యి అడుగులు ఢీకొనకుండా కాపాడతాయి. అతి భారీ విమానం వదిలిన సుడి నుంచి ప్రతిసారీ కాపాడతాయని చెప్పలేము.

ఇక కంటిచూపు సంగతి. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా వచ్చే రెండు విమానాల మధ్య దూరం సెకనుకు 500 మీటర్ల చొప్పున తరుగుతుంది. రాడార్ నిఘాలో ఉన్న సుదూర మార్గాల్లో ఒకే ఎత్తున ఎగిరే విమానాల మధ్య సాధారణంగా పాటించే 5 నాటికల్ మైళ్లు, అంటే 9.26 కిలోమీటర్లు, 19 సెకన్లలోపే అయిపోతాయి. ఆ వ్యవధిలో చుక్కను చూసి, అది విమానమని పోల్చి, దారి మళ్లించడం నమ్మదగిన ఏర్పాటు కాదని 1956లోనే తేలింది. ఆ ఏడాది జూన్ 30న గ్రాండ్ కాన్యన్ మీద ఒకరినొకరు చూసి తప్పుకోవలసిన రెండు విమానాలు ఢీకొని 128 మంది చనిపోయారు. ఈనాటి నియంత్రణ వ్యవస్థ పెరిగింది అటువంటి అనుభవాల మీదే. నేల మీది నుంచి విమానాలకు దారి చెప్పే కంట్రోలర్ కూడా పొరబడితే, రెండు విమానాల్లోని టీకాస్ పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుని ఒకదాన్ని పైకి, మరొకదాన్ని కిందికి వెళ్లమంటాయి. 2002లో జర్మనీలోని యూబర్‌లింగెన్ వద్ద ఒక పైలట్ల బృందం టీకాస్ మాట కాక కంట్రోలర్ మాట విన్నందువల్ల 71 మంది పోయారు. అలాంటప్పుడు టీకాస్ మాటే చెల్లుతుందని ఆ తర్వాత నిబంధనల్లో స్పష్టం చేశారు.

కొత్త పరికరాలతో చిక్కే లేదని నేను అనను. దారి తప్పే అలవాటు పోవడమే ఒక చిక్కు. 2006 సెప్టెంబర్ 29న అమెజాన్ అడవులపై ఒక బోయింగ్ 737, ఒక లెగసీ జెట్ 37,000 అడుగుల ఎత్తున ఒకే గీత మీద ఎదురెదురుగా వచ్చి తగులుకున్నాయి, 154 మంది మరణించారు. తన ఉనికినీ ఎత్తునూ ఇతరులకు తెలిపే ట్రాన్స్‌పాండర్ లెగసీలో సంకేతాలు పంపకపోవడంతో టీకాస్ కళ్లు మూసుకుపోయాయి. మార్గదర్శక పరికరాల కచ్చితత్వం రెండింటినీ ఆ గీత నుంచి పక్కకు జరగనివ్వలేదు. మహాసముద్రాలపై విమానాలు తమ మార్గానికి కుడివైపు 2 నాటికల్ మైళ్ల వరకు కావాలనే పక్కకు జరిగి ఎగరడానికి అనుమతి ఉంది. ఎత్తులో తప్పు దొర్లినా ఎదురు విమానం నేరుగా తగలకుండా ఉండటానికి, పైనుంచి దిగే సుడిని తప్పించుకోవడానికి కూడా అదే పక్కజరుగుడు పనికొస్తుంది.