కొత్త రివాల్వర్ మొరాయిస్తే: సర్దుకునే లోపాలు, ముదిరే లోపాలు

పెద్ద క్యాలిబర్ రివాల్వర్ కొని నిండా యాభై తూటాలు కాల్చకముందే సిలిండర్ (తూటాలు పెట్టుకుని తిరిగే భాగం) బిగుసుకుపోతే, ఎవరిని అడిగినా ఒకటే సలహా: "ఇంకో రెండు వందలు కాల్చండి, అదే సర్దుకుంటుంది." ఇందులో సగం నిజం. ట్రిగ్గర్ లాగుడులో గరుకు, సిలిండర్ తెరిచేటప్పటి బిగువు వాడకంతో తగ్గుతాయి. సిలిండర్ ముందుకూ వెనక్కూ ఊగడం, ఛాంబర్ (సిలిండర్‌లో ఒక్కో తూటా పట్టే రంధ్రం) బ్యారెల్‌కు సరిగ్గా ఎదురుగా నిలవకపోవడం మాత్రం వాడేకొద్దీ ముదురుతాయి. అన్నిటికీ ఒకే మందు చెప్పడం దగ్గరే తప్పు జరుగుతోంది.

ఈ తుపాకుల మీద పడే భారం మామూలుది కాదు. .44 మాగ్నమ్ తూటా పేలినప్పుడు పుట్టే గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 36,000 పౌండ్లు; .454 కాసుల్‌కు 65,000. అంత బలం లేని .44 స్పెషల్ తూటా కోసం పుట్టిన పెద్ద ఫ్రేమ్‌లోనే స్మిత్ అండ్ వెస్సన్ .44 మాగ్నమ్‌ను ఇమిడ్చింది. బరువైన బుల్లెట్లతో పోటీల్లో తెగ కాల్చినవాళ్ల చేతిలో ఆ కంపెనీ .44 మాగ్నమ్ రివాల్వర్ మోడల్ 29 సిలిండర్, తన్నుకు (పేలినప్పుడు తుపాకీ వెనక్కి కొట్టే దెబ్బకు) తాళం వదిలి వెనక్కి తిరిగేది; హ్యామర్ (తూటాను పేల్చే సుత్తి) పోయి అప్పటికే పేలిన కేసు (తూటా గొట్టం) మీదే పడేది. 1980ల చివర్లో ఆ కంపెనీ సిలిండర్‌ను పట్టి ఆపే గాట్లను పొడవు చేయాల్సి వచ్చింది. ఎన్ని వందలు కాల్చినా తనంతట తాను సర్దుకునే లోపం కాదది.

తుపాకీని అనుమానించే ముందు తూటాను చూడాలి. తన్ను బలంగా ఉంటే, ఇంకా పేలని తూటాల్లోని బుల్లెట్లు (ముందుండే సీసపు మొనలు) కేసులోంచి కొద్దికొద్దిగా ముందుకు జారతాయి. మొన సిలిండర్ దాటి బయటికొచ్చిందా, అక్కడితో తిరగడం ఆగిపోతుంది. ఒక తూటా పొడవును వెర్నియర్‌తో కొలిచి, చివర పేలే ఛాంబర్‌లో పెట్టండి. మిగిలినవి కాల్చి, దాన్ని తీసి మళ్లీ కొలవండి. పెరిగితే తప్పు క్రింప్‌ది (బుల్లెట్‌ను పట్టి ఉంచే కేసు అంచు నొక్కుది), తుపాకీది కాదు. తేలికైన స్కాండియం మిశ్రమలోహం ఫ్రేమ్ ఉన్న .44 మాగ్నమ్‌లు 750 గ్రాముల దరిదాపులోనే ఉంటాయి కాబట్టి వాటిలో ఇది ఎక్కువ. దాదాపు రెండు కిలోలుండే పొడవు బ్యారెల్ .500 మాగ్నమ్‌లో తన్నును బరువే చాలావరకు మింగేస్తుంది.

రెండో అనుమానం మురికి. కాలని తుపాకి మందు పలుకు ఒక్కటి ఎక్‌స్ట్రాక్టర్ నక్షత్రం (ఖాళీ కేసులను బయటికి తోసే, నక్షత్రం ఆకారపు భాగం) కింద చేరితే చాలు, సిలిండర్ మూయడమే కష్టమవుతుంది. ఖాళీ కేసులు తోసేటప్పుడు బ్యారెల్ మొన ఆకాశం వైపు ఉంచితే పలుకులు కింద రాలిపోతాయి. ఆ నక్షత్రాన్ని తోసే ఎక్‌స్ట్రాక్టర్ రాడ్ మర వదులైనా సిలిండర్ తెరుచుకోదు. చాలా మోడళ్లలో అది ఎడమ మర, అలవాటు కొద్దీ కుడికి తిప్పితే ఇంకా ఊడుతుంది. బిగించేటప్పుడు ఛాంబర్లలో ఖాళీ కేసులుంచకపోతే నక్షత్రం మెలిపడొచ్చు.

ఇక అసలు కొలతలు. ఛాంబర్లు ఖాళీ అని రెండుసార్లు చూసుకున్నాకే మొదలుపెట్టాలి. సిలిండర్‌ను వెనక్కి నొక్కి, దాని ముందు అంచుకూ బ్యారెల్‌కూ మధ్య సందును ఫీలర్ గేజ్‌తో (సందులో దూర్చి కొలిచే పలచని రేకులతో) కొలవండి. తర్వాత ముందుకు నొక్కి అదే చోట కొలవండి. రెండింటి తేడాయే సిలిండర్ వదులు. వెనక్కి నొక్కినప్పుడు 0.10 నుంచి 0.20 మి.మీ. వరకు సందు ఉండటం మామూలే. వదులు మాత్రం కొత్త తుపాకీలో 0.08 మి.మీ. దాటిందంటే తిప్పి పంపాల్సిందే. హ్యామర్ దెబ్బకు సిలిండర్ ముందుకు జరిగి ప్రైమర్ (కేసు అడుగున నిప్పు రాజేసే బిళ్ల) మీద దెబ్బ పలచబడుతుంది; పేలగానే వెనక్కి వచ్చి ఫ్రేమ్‌ను గుద్దుతుంది. ప్రతి గుద్దుకూ వదులు ఇంకాస్త పెరుగుతుంది. సందు మరీ తక్కువైతే వరస వేరు: చల్లగా ఉన్నప్పుడు చక్కగా తిరిగిన సిలిండర్ మూడు నాలుగు లోడ్లయ్యాక, వేడికీ మసికీ, బ్యారెల్‌ను రాసుకుంటుంది. ఇది కొత్త తుపాకుల్లో తరచూ కనిపించేదే.

టైమింగ్ (ప్రతి ఛాంబర్ వేళకు బ్యారెల్ ఎదురుగా వచ్చి నిలవడం) చూడటానికి ఛాంబర్లలో కాల్చేసిన కేసులు పెట్టి, సిలిండర్‌ను వేలితో తేలిగ్గా అడ్డుతూ హ్యామర్‌ను మెల్లగా లేపాలి. హ్యామర్ పూర్తిగా లేచేసరికి సిలిండర్‌ను ఆపే స్టాప్ దాని గాటిలో టక్కున పడాలి. ఏ ఛాంబర్ దగ్గర పడలేదో రాసుకోండి. మళ్లీ మళ్లీ అదే ఛాంబర్ దగ్గర తప్పుతుంటే నక్షత్రం పన్నును అనుమానించాలి. అన్నిటి దగ్గరా తప్పుతుంటే సిలిండర్‌ను తిప్పే హ్యాండ్ పొట్టిదైందన్నమాట.

తూటా పేలకపోతే ముందు చూడాల్సింది ప్రైమర్ మీది గుంట. లోతు లేకుండా ఉంటే హ్యామర్ స్ప్రింగ్ బిగించే స్ట్రెయిన్ స్క్రూ వదులైందేమో చూడండి. అన్నట్టు, తన్నుకు వేలు తెలియకుండా మళ్లీ నొక్కి రెండోది పేలడం .500 లాంటి వాటిలో ఉన్నదే. అది తుపాకీ లోపం కాదు. కొత్తలో ఒక్క తూటాయే వేసి అలవాటు పడాలి. పేలని తూటాను మొన సురక్షిత దిశలోనే ఉంచి, అర నిమిషం ఆగి తీయాలి. చప్పుడు నీరసంగా వచ్చి సిలిండర్ బిగిస్తే బుల్లెట్ బ్యారెల్‌కూ ఛాంబర్‌కూ మధ్య ఇరుక్కుని ఉండొచ్చు. బలవంతాన తిప్పకూడదు.

కంపెనీకి పంపేటప్పుడు ఉత్తినే "జామ్ అవుతోంది" అని రాస్తే నాలుగు తూటాలు కాల్చి, బాగానే ఉందని తిప్పి పంపే అవకాశం ఎక్కువ. "సందు వెనక్కి 0.25, ముందుకు 0.10, మూడో ఛాంబర్ దగ్గర స్టాప్ పడటం లేదు, తూటా పొడవు మారలేదు" అని రాసి పంపితే, కాల్చి చూసి సరిపెట్టడం కుదరదు, వాళ్లూ గేజ్ పెట్టి కొలవాల్సిందే.