రెండిటి మీదా 65 వాట్లే అని ఉంటే కరెంటు ఒకటే అవుతుందా?

కంప్యూటర్ కొనబోయే స్టూడియోల వాళ్లకీ నెట్ సెంటర్ల వాళ్లకీ ఒంగోలు, నెల్లూరు గ్రూపుల్లో చేరుతున్న, రెండు ప్రాసెసర్ చిప్‌లను పోల్చే మెసేజ్ ఇది: "కోర్ ఐ5-14400, రైజెన్ 5 7600 రెండూ 65 వాట్లే, కరెంటు ఖర్చు ఒకటే. ఇంటెల్‌లో 10 కోర్లు, ఏఎండీలో ఆరే, కాబట్టి వేగం దాదాపు రెట్టింపు. పైగా ఏఎండీ 95 డిగ్రీలకు కాగుతుంది, మన ఎండలకు నిలవదు." దీని కింద ఏఎండీ అభిమానుల ఎదురు మాట: "మాది కొంటే నెలకు వెయ్యి రూపాయల బిల్లు మిగులుతుంది." రెండూ తప్పే.

"రెండూ 65 వాట్లే." ఇంటెల్ రాసే 65 బేస్ పవర్ (మామూలు వేగంతో నడిచేటప్పటిది). అదే చిప్‌కు గరిష్ఠ టర్బో పవర్ (వేగం పెంచుకున్నప్పుడు లాగేది) 148 వాట్లని ఆ కంపెనీయే చెబుతుంది. ఏఎండీ రాసే 65 టీడీపీ (పార్టీ కాదు, కూలర్‌ను ఎంచుకోవడానికి ఇచ్చే అంకె). సాకెట్ నుంచి చిప్ లాగగలిగేది దానికి 1.35 రెట్లు, అంటే 88 వాట్లు. పూర్తి లోడు మీద పోల్చాల్సినవి 148, 88. ప్రతి పనిలోనూ ఇంటెల్ 148 దాకా పోదు, అది పైహద్దు మాత్రమే. అసలు చిక్కు మదర్‌బోర్డుతో వస్తుంది. కొన్ని బోర్డులు టర్బోను కొద్ది సెకన్లు నడిపి 65కు దించేస్తాయి. కొన్ని దించకుండా అలాగే వదిలేస్తాయి. ఒకే చిప్ కొన్న ఇద్దరికి వేగం పరీక్షల్లో వేర్వేరు స్కోర్లు రావడానికి చాలాసార్లు ఇదే కారణం. ఇంకో పొరపాటు: 7600, 7600ఎక్స్ ఒకటి కావు. ఎక్స్ ఉన్నదాని టీడీపీ 105, పైహద్దు 142.

"10 కోర్లు, రెట్టింపు వేగం." కోర్ అంటే చిప్‌లో పని చేసే భాగం. ఆ పదిలో పెద్ద కోర్లు ఆరు, చిన్నవి నాలుగు. థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు) 16. ఏఎండీలో ఆరూ పెద్దవే, థ్రెడ్లు 12. పనిని అన్ని కోర్లకూ పంచే రెండరింగ్‌లో (చివరి వీడియో ఫైలు తయారుచేయడంలో) ఇంటెల్ కొంత ముందుంటుంది, రెట్టింపు మాట అబద్ధం. ఒక్క కోర్ మీద నడిచే పనుల్లో, గేముల్లో ఏఎండీదే పైచేయి. పెళ్లి వీడియోల వాళ్లు చూడాల్సింది వేరే ఉంది. కెమెరాలో 4:2:2 10-బిట్ హెచ్‌ఈవీసీ (రంగుల వివరం ఎక్కువుండే ఒక వీడియో రకం) తీస్తుంటే, ఇంటెల్ లోపలి గ్రాఫిక్స్ ఆ ఫైళ్లను నేరుగా డీకోడ్ చేస్తుంది, అంటే విప్పి చూపిస్తుంది. టైమ్‌లైన్ తడబడకపోవడానికి కోర్ల కన్నా ఇదే ముఖ్యం. డబ్బు మిగులుతుందని 14400ఎఫ్ తీసుకుంటే ఆ గ్రాఫిక్సే ఉండదు.

"95 డిగ్రీలు, ఎండకు నిలవదు." 7600కు పైహద్దు 95 అయితే 14400కు 100. అవి చిప్ తట్టుకునే హద్దులు, ఎప్పుడూ ఉండే వేడి కాదు. గ్లాసుడు మరిగే నీళ్ల కన్నా గంగాళం గోరువెచ్చటి నీళ్లలో వేడి ఎక్కువ. గదిలోకి ఎంత వేడి వస్తుందో చెప్పేది వాట్లే, డిగ్రీలు కావు. రైజెన్ అంకె ఎక్కువ కనిపించడానికి కారణం సిలికాన్ ముక్క చిన్నది, పైమూత మందం.

ఎండ సంగతి మాత్రం నిజమే, రెండిటికీ. రివ్యూల్లో గది 22-25 డిగ్రీలు. రోహిణి కార్తెలో ఏసీ లేని గది 40 ఉంటే చిప్ వేడీ దాదాపు ఆ తేడా అంతా పెరుగుతుంది. అక్కడ 78 చూపినది ఇక్కడ 93 దగ్గరికి వస్తుంది, ఆపైన వేగం తగ్గించుకుంటుంది. చీమకుర్తి వైపు రాతిపొడి కూలర్ రెక్కల మధ్య పేరుకుంటే శీతాకాలంలోనూ ఇదే గతి. మెషిన్ ఆపి, ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకుని బ్లోయర్ కొట్టాలి.

"నెలకు వెయ్యి మిగులుతుంది." లెక్క వేద్దాం. రోజుకు 3 గంటలు పూర్తి లోడు, నెలకు 26 రోజులు. తేడా గరిష్ఠంగా 60 వాట్లు. 60 × 78 గంటలు = 4.7 యూనిట్లు. యూనిట్ 9 రూపాయలనుకున్నా 42 రూపాయలు. పైగా ఊరికే ఆన్‌లో ఉన్నప్పుడు లెక్క తిరగబడుతుంది. రైజెన్‌లో కోర్లు ఒక ముక్క, మెమరీ వ్యవహారం చూసే భాగం ఇంకో ముక్క. ఆ రెండో ముక్క ఖాళీగానూ కరెంటు తాగుతుంది. సర్టిఫికెట్ల కౌంటర్‌లో రోజంతా మనుషుల కోసం ఎదురుచూసే కంప్యూటర్‌కు ఇంటెలే పొదుపు, అదీ పదుల రూపాయల్లోనే.

వాట్లు నిజంగా దెబ్బకొట్టేది యూపీఎస్ దగ్గర. 600 వీఏ వాటిలో చాలావాటి సామర్థ్యం 360 వాట్లే. 148 చిప్‌కు, 170 గ్రాఫిక్ కార్డుకు, 30 బోర్డు, డిస్కులకు. పవర్ సప్లై 85 శాతం సామర్థ్యంతో నడిస్తే గోడ దగ్గర 409 అవుతుంది, మానిటర్ కాకుండానే. కరెంటు పోయిన క్షణాన రెండర్ కూడా పోతుంది.

దీనికి మందు బయోస్‌లో (మెషిన్ ఆన్ చేస్తూనే తెరిచే సెట్టింగుల మెనూలో) ఉంది. ఇంటెల్‌లో పీఎల్1, పీఎల్2 (ఎక్కువసేపు, కాసేపు లాగగలిగే వాట్ల హద్దులు) రెండూ 65 పెట్టండి. ఏఎండీలో పీబీఓ అనే మెనూ కింద పీపీటీ, అంటే చిప్ వాట్ల పైహద్దు, 65 పెట్టండి (కొన్ని బోర్డుల్లో మిల్లీవాట్లలో 65000 అని కొట్టాలి). చివరి కాసిన్ని మెగాహెర్ట్జ్ కోసం వోల్టేజీ బాగా పెంచాలి. పవర్ వోల్టేజీ వర్గంతో (స్క్వేర్‌తో) పెరుగుతుంది కనుక, వాట్లు తగ్గించినంతగా వేగం తగ్గదు. తర్వాత వేగం కొలిచే ప్రోగ్రామ్ సినీబెంచ్ 10 నిమిషాలు నడపండి, పోల్చే మెషిన్లన్నిటిలో ర్యామ్ రెండు స్టిక్కులుగానే ఉండాలి. స్కోరును సగటు వాట్లతో భాగించండి, ఒక్కో వాటుకు ఎంత పని జరిగిందో తెలుస్తుంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్ చూపేవి చిప్ వాట్లు, గోడ ప్లగ్‌కు పెట్టే మీటర్ చూపేవి మొత్తం మెషిన్‌వి. ఒక మెషిన్‌కు ఇది, ఇంకో మెషిన్‌కు అది తీసుకుని పోల్చకండి.