తడి లెక్కలు, పొడి మాటలు

ధాన్యం కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే రైతు మొహం చూడకుండా తరుగు తీసే దేశం మనది. అదే దేశంలో, 35 శాతం తేమ ఉన్న సరుకును 'బాగా ఎండింది' అని ఒప్పుకుని డబ్బులిచ్చే వ్యాపారం ఒకటుంది. సముద్రపు నాచు. నీటి పట్ల ఇంత విశాల హృదయమున్న పరిశ్రమను శంకించడం పాపం. ప్లాస్టిక్కుకు బదులు నాచు, పెట్రోలుకు బదులు నాచు, పశువుల తేన్పులకు విరుగుడు నాచు అని పెద్దలు సెలవిస్తుంటే చేతులు కట్టుకుని వినడమే మర్యాద. ఈ నాలుగు మాటలూ వాళ్ల మాట నిలబెట్టడానికే.

ముందు తీరం సంగతి. నాచు ప్రణాళిక ఏదైనా తీరం పొడవుతోనే మొదలవుతుంది. కిలోమీటరుకు నాచు కట్టి పెంచే వెదురు తెప్పలు ఇన్నని హెచ్చవేస్తే టన్నులు రాలతాయి. మొన్నమొన్నటిదాకా దేశపు తీరం 7,516 కిలోమీటర్లు. వంపూ మెలికా వదలకుండా మళ్లీ కొలిస్తే 11,098 అని తేలింది. అంటే ఒక్క వెదురు బొంగు నరక్కుండానే నాచు దిగుబడి దాదాపు 48 శాతం పెరిగిందన్నమాట. ఆంధ్రకు మాత్రం అన్యాయం జరిగింది. మనది 974 నుంచి 1,053కే చేరింది, మన ఒడ్డుకు మెలికలు తక్కువ కదా. అసలు చిక్కంతా ఆ మెలికలు లేకపోవడమేనని, అల నేరుగా కొట్టని చాటు నీళ్లలోనే తెప్ప నిలుస్తుందని, అందుకే ఈ సాగు తమిళనాడు రామనాథపురం జిల్లాలోని మండపం అనే ఊరి చుట్టుపక్కల కుదురుకుందని కొందరంటారు. వాళ్లు తెప్పలు కట్టేవాళ్లు, నివేదికలు కట్టేవాళ్లు కారు.

ఇక తెప్ప. నిలువూ అడ్డం మూడేసి మీటర్ల వెదురు చట్రం, నాలుగు మూలలకూ అడ్డకర్రలు. దానికి 20 తాళ్లు. తాడుకు 20 ముడులు, ముడికి 150 గ్రాముల కప్పాఫైకస్ ముక్క (మన దగ్గర సాగు చేసే నాచు పేరది). వెరసి 60 కిలోల విత్తనం. అడుగున పాత చేపల వల బిగించాలి. లేదంటే తెగిన ముక్కలు కొట్టుకుపోతాయి, కొట్టుకుపోనివి చేపలు మేస్తాయి. పదేసి తెప్పలు కలిపి కట్టి లంగరు వేస్తారు. 45 రోజులకు కోత. అన్నీ కలిసొస్తే తెప్పకు 260 కిలోలు. అందులో 60 మళ్లీ విత్తనానికి పోతుంది. మిగిలిన 200 ఆరబోస్తే 20 అవుతుంది. ఆ ఇరవైలో ఇందాక చెప్పిన 35 శాతం నీళ్లు, ఉప్పు, ఇసుక. ఐస్‌క్రీమ్‌లోకీ టూత్‌పేస్టులోకీ పోయే కారగీనన్ అనే జిగట పదార్థం చివరికి ఐదారు కిలోలు తేలితే పండగే. వేదికల మీద వినిపించేది మాత్రం 260. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో నాచుకు 640 కోట్లు పెట్టి, 2025 కల్లా 11.2 లక్షల టన్నులు తీస్తామన్నప్పుడు 'తడివా, పొడివా?' అని అడగడం, పెళ్లిచూపుల్లో అబ్బాయి జీతం చేతికొచ్చేదా, కాగితం మీదదా అని అడిగినట్టుంటుంది. అందరికీ తెలుసుకోవాలనే ఉంటుంది, అడిగినవాడే చెడ్డవాడవుతాడు.

ఆరబెట్టడానికి మంచి ఎండ రెండు మూడు రోజులు కావాలి. వట్టి ఇసుక మీద పోస్తే ఇసుక అంటుకుంటుంది కాబట్టి టార్పాలిన్ మీదో, వల పరిచిన మంచె మీదో పొయ్యమంటారు. సగం ఆరాక వాన పడిందా, మంచినీళ్లకు రంగు వెలిసిపోతుంది, జిగట బలం పడిపోతుంది, ఫ్యాక్టరీ వాడు మొహం తిప్పుకుంటాడు. ఇసుక దులపమని రైతుకు పాఠాలు చెప్పేవాళ్లకు ఒక మనవి: తూకానికి డబ్బిస్తున్నంతకాలం ఇసుక కూడా పంటే.

జబ్బుల మాటకొస్తే, సముద్రం వేడెక్కినప్పుడు వచ్చేదానికి 'ఐస్-ఐస్' అని పేరు పెట్టిన శాస్త్రానికి దండం పెట్టాలి. వేడి పెరిగినా, ఉప్పదనం తగ్గినా కొమ్మ తెల్లబడి, మెత్తబడి, తునిగి అడుగుకు పోతుంది. 2013 తర్వాత తమిళనాడులో తెప్పలకు తెప్పలే అలా ఖాళీ అయ్యాయి. అవక ఏం చేస్తాయి? చెరకు ముక్క నాటినట్టు, 1980లలో జపాన్ నుంచి తెచ్చిన ఫిలిప్పీన్స్ నాచునే తుంచి తుంచి కడుతూ వచ్చారు. ఒకే పిలక సంతానం, ఒకే ఆరోగ్యం, ఒకే జబ్బు. పెంచమన్న తాడు మీద ఇలా చస్తుంది గానీ, వద్దన్నచోట దిట్టం. మన్నార్ సింధుశాఖలో కురుసడై దీవి పగడపు దిబ్బల మీదికి పాకి వాటికి ఊపిరాడకుండా చేసిందని 2008లోనే శాస్త్రవేత్తలు రాశారు. దీన్నే 'సుస్థిరాభివృద్ధి' అంటారు కాబోలు, ఎక్కడ స్థిరపడాలో అదే చూసుకుంటుంది.

పెట్రోలు కథ చిన్నది. కంటికి కనపడని నాచును తొట్లలో పెంచితే లీటరు నీటికి అర గ్రాము వస్తుంది. అందులో పావు వంతు నూనె అనుకుంటే, ఒక లీటరు నూనె కోసం ఏడు వేల లీటర్లు వడకట్టాలి. వేసవిలో హైదరాబాదు అపార్ట్‌మెంటుకు వచ్చే 5,000 లీటర్ల ట్యాంకర్లు ఒకటిన్నర. ఎక్సాన్ కంపెనీ 2009లో 60 కోట్ల డాలర్ల దాకా పెడతామని బయల్దేరి, 2023 నాటికి మెల్లగా చేతులు దులుపుకుని గట్టెక్కేసింది. పశువుల తేన్పుల్లోని మీథేన్ వాయువును తగ్గించే ఆస్పరాగాప్సిస్ అనే నాచుది ఇంకో సుకుమారం. అందులో పనిచేసే బ్రోమోఫామ్ అనే రసాయనం గాలికే ఎగిరిపోతుంది, కాబట్టి ఎండలో పడేస్తే మందు పోయి గడ్డి మిగులుతుంది. గడ్డకట్టించి శూన్యంలో ఆరబెట్టాలి. గేదెకు జొన్న చొప్పే కరువైనచోట ఇది తప్పకుండా కుదురుతుంది.

ఇన్ని తంటాలకూ మూలమైన, నాచులోని ఆ నీటినే అమ్మితే పోలా అన్న ఆలోచన భావనగర్‌లోని కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థకు వచ్చింది. పచ్చి కప్పాఫైకస్‌ను కోసిన వెంటనే నూరి రసం పిండుతారు. రసం పైరుకు, పిప్పి కారగీనన్‌కు. ఆరబెట్టే బాధ సగానికి సగం తప్పింది. ఒకటే షరతు, మర ఒడ్డునే ఉండాలి, పచ్చి నాచు లారీలో కూర్చుంటే కుళ్లుతుంది. ఆ దారిలోనే ఎరువుల సంస్థ ఇఫ్కో వారి 'సాగరిక' అనే నాచు రసం వచ్చింది. ఇన్నేళ్ల బయోటెక్నాలజీలో రైతు నిజంగా డబ్బిచ్చి కొన్నది ఆ నీళ్లనే.

సముద్రంలో గోదావరి వరద కలిస్తే ఉప్పు తగ్గి నాచు చస్తుంది. ఆ నాచు రసమే సీసాలో కట్టి గోదావరి డెల్టా వరి మీద కొడుతున్నారు. మోతాదు లీటరుకు రెండున్నర మిల్లీలీటర్లు. అంటే ఒక వంతు కొన్న నీళ్లకు నాలుగు వందల వంతుల కాలవ నీళ్లు. టన్నుల లెక్కలో ఇవింకా కలపలేదు.